సెకండ్ షోకు పోవు విధానము

తమ్మీ, ఫోన్ల సీటు బుక్ చేసుకొని, ఏసీల కూసొని చూసుడు కూడ ఓ చూసుడేనా? 1990 ఆ ప్రాంతంల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజి పోరగాండ్లు చూసినట్టు చూడాలంటే దానికో పద్ధతి ఉంటది. శ్రద్ధగ చదువుకో.

పైసల కాడ మొదలువెట్టాలె. బాపును ‘సిన్మకు’ అని అడుగుడు పాపం. ‘రికార్డు బుక్కు’ అనాలె. నువ్వు చదివేది హిస్టరీ అయినా బాపు గుర్తువట్టడు. అన్న గుర్తువడతడు. వాని నోరు మూయాలంటే వాటా ఇయ్యాలె, ఎందుకంటే ఆ రికార్డు బుక్కు కనిపెట్టిందే వాడు.

తర్వాత ఎదురుచూసుడు. ‘శివ’ 1989 అక్టోబర్ 5న రిలీజ్ అయింది. అప్పట్ల ప్రింట్లు తక్కువ. కొత్త సిన్మ పెద్ద టౌన్లల్ల ఆడి ఆడి, రీళ్ల మీద గీతలు వడ్డంక మన దిక్కు వచ్చేది. ఈలోపల కరీంనగర్ల చూసొచ్చినోడొకడు కథంత చెప్తడు, మ్యూజిక్‌తోని సహా. వాని చాయ్ పైసలు నువ్వే కట్టాలె. సిన్మ చూసినంక సైకిల్ చైన్ మాత్రం గుంజకు. నాగార్జున చేతికి ఊడొచ్చింది, నీ చేతికి గ్రీజే వస్తది. పొద్దుగాల బాపు పొలానికి పోయేది అదే సైకిల్ మీద.

టికెట్ కిటికీల చెయ్యి వెట్టినంక చేతి గడియారం మీద ఆశ పెట్టుకోకు. కోరుట్లల ఆడోళ్ల లైన్ పొట్టిగుంటే, ముక్కూ మొఖం తెల్వని అక్కను ‘అక్కా, రెండు’ అని బతిమాలుకో. ఆమె పొద్దంత బీడీలు చుట్టి, పైస పైస జమ చేసుకొని వచ్చింది. చిల్లర లెక్కల మోసం చెయ్యకు. సిరిసిల్లల పక్క సీటాయన గట్టిగ మాట్లాడితే గునగకు. రోజంత మరమగ్గాల సాంచెల చప్పుడు నడుమ పనిచేసేటోళ్లకు మెల్లగ మాట్లాడుడు ఎట్ల అలవాటైతది? రీలు తెగితే ఆపరేటర్‌ను తిట్టు. ఆయనకు వినవడదు, అయినా తిట్టాలె.

ఇగ అసలు పాఠం. సెకండ్ షో విడిచేటాళ్లకు ఆఖరు బస్సు ఎప్పుడో పోయింటది. నడకే. అయితే నడిచేది ఏ నేల మీదనో యాది పెట్టుకో. 1978 సెప్టెంబర్ల దొరల మీద రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర నడిస్తే, అక్టోబర్ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. ఆ తర్వాత ఏండ్ల తరబడి, అర్ధరాత్రి రోడ్డు మీద కనవడ్డ పడుచు పిలగాండ్లు ‘సిన్మకు పోయొస్తున్నం’ అంటే నమ్మేటోళ్లు తక్కువ. అందుకే గేటు కాడ చించిచ్చిన సగం టికెట్ పారెయ్యొద్దు. కాలేజి కార్డు కన్న అదే గట్టి కాయిదం. కార్డు చూపిస్తే స్టూడెంటువని తెలుస్తది, అనుమానం ఇంకింత పెరుగుతది. పోలీసోళ్లు టార్చి మొఖం మీద కొట్టి ‘కథ చెప్పు’ అంటే గడగడ చెప్పాలె, కాబట్టి సిన్మ నడుమ కునుకు తియ్యకు. పాటలు, ఫైటింగులు ఎన్నయినా చెప్పు. హీరో అన్యాయం మీద తిరగవడే సీన్లు మాత్రం జర తగ్గించి చెప్పు. అప్పట్ల ఏ సిన్మల చూసినా అవే సీన్లాయె. ఇగ ఏం మిగులుతది? కామెడీ చెప్పుకుంట ఇల్లు చేరాలె.

ఇంటికాడ తలుపు కొట్టొద్దు. తలుపు తీసేది బాపే అయితే మళ్ల కథ చెప్పాలె, అక్కడ సగం టికెట్ పనిచెయ్యదు.

2023ల సిరిసిల్ల పిలగాడు వేణు ఎల్దండి ‘బలగం’ తీస్తే ఊర్లల్ల తెర గట్టి, జనమంత కిందనే కూసొని ఏడ్సుకుంట చూసిండ్రు. మంచి సిన్మనే, కాదన. కని లైన్ లేదు, టికెట్ లేదు, దారిల ఆపేటోడు లేడు. గట్ల చూసుడు మా లెక్కల హాజరు కింద రాదు తమ్మీ.