మాకు దారి లేక, మీకు పని లేక

మా మనవడు టెక్సాస్ నుంచి వీడియో ఒకటి పంపాడు. పసుప్పచ్చ స్కూలు బస్సొకటి బురదగుంటలోకి గేదెలా దిగి, అవతలి గట్టు ఎక్కుతోంది. కిందికి చూస్తే పది చక్రాల మిలిటరీ లారీ. నడుం పైన బడి, నడుం కింద యుద్ధం. “తాతయ్యా, నేనూ మా ఫ్రెండ్సూ కలిసి కట్టాం. ఇలాంటిది ఎప్పుడైనా చూశావా?” అని అడిగాడు.

చూశావా అట! ఒరే అబ్బాయ్, మా రోజుల్లో అని నేను నోరు తెరవగానే నువ్వు ఫోన్లో తల దూరుస్తావని తెలుసు. దూర్చుకో. చెవులు బయటే ఉంటాయిగా.

నేను బెజవాడలో బస్సులు కట్టే షెడ్డులో చేరింది 1960లో. అప్పటికి నాకు పదమూడేళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సు వెనకాల బొగ్గుపొయ్యి తగిలించి నడిపారే, ఆ కాలం మనిషి మా మేస్త్రి. క్లీనరు పొయ్యి రాజేసి, ఫ్యాను తిప్పీ తిప్పీ, గ్యాసు పుట్టాక గానీ బండి కదిలేది కాదట. మెరక వస్తే జనం దిగి తొయ్యాలి. టిక్కెట్టు కొనుక్కుని మరీ తోసేవారు, కిమ్మనకుండా! నువ్వో, క్యాబు రెండు నిమిషాలు లేటయితే చుక్కలు కోసేస్తావు.

యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వదిలేసిన ఫోర్డులూ షెవర్లేలూ డాడ్జిలూ అమ్మకానికొచ్చాయి. డిస్పోజల్ బండ్లనేవాళ్లు. కొత్త ఛాసీ కావాలంటే ఏళ్ల తరబడి కాచుకోవాల్సిన రోజుల్లో అదే మహాభాగ్యం. తొట్టి పీకేసి, చెక్కతో బస్సు కట్టి, రంగేసి, ముందు దేవుడి పేరు రాస్తే సర్వీసు రెడీ. నేను చేరేనాటికి అవి ముసలివైపోయాయి, అయినా మళ్లీ మళ్లీ షెడ్డుకొచ్చేవి. హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యాలి. అది ఎదురు తంతే చెయ్యి విరిగేది. మబ్బు పడితే నా కుడి మణికట్టు ఇప్పటికీ సలుపుతుంది. ఎందుకు చెబుతున్నానిదంతా? ఆఁ, బస్సు.

నందిగామ పక్క నల్లరేగడిలో వానాకాలం ఆ బండ్లు ఎలా పోయేవో నీకేం తెలుసు? రోడ్డనేది కలెక్టరుగారి మ్యాపులో ఉండేది, ఊళ్లో ఉండేది కాదు. మాకు దారి లేక గోతుల్లో పోయాం రా నాయనా! నీకు ఆరు వరసల రోడ్డుండగా, సెలవు పెట్టుకుని, డబ్బు కట్టి, ఎవరి పొలంలోనో గోతులు వెతుక్కుంటున్నావు.

పైగా ఆ పసుపు రంగు. 1939లో న్యూయార్కులో పెద్దలంతా కూర్చుని, తెల్లవారుజాము మసకలో కూడా నల్ల అక్షరాలు కనబడాలని ఎంచిన రంగట అది. పిల్లల క్షేమం కోసం పెట్టిన రంగుని బురదలో పొర్లించడానికి చేతులెలా వచ్చాయో!

లారీ మాత్రం మంచిదే. అబద్ధం ఎందుకాడాలి? ఎం 35 అట. 1950 ప్రాంతంలో పుట్టిన మోడలు, ‘రెండున్నర టన్ను’ అని పిలుస్తారట. ఇంజనుకి డీజిలు పోసినా ఒకటే, కిరసనాయిలు పోసినా ఒకటే, బంతిలో మా పెదబావలాగా ఏది వడ్డిస్తే అది. చక్రాలు తొమ్మిది-ఇరవై సైజు. మన పాత లారీలవీ అవే! ఆ అంకె వినగానే ఎవరో దూరపు చుట్టం కనబడ్డట్టయింది. పవర్ స్టీరింగు లేదు, భుజాలు లాగేస్తున్నాయని వాడు మూలిగాడు. నాకు ఆ పూట అన్నం రుచిగా తగిలింది.

కానీ ఆ వీడియో మూడోసారి చూస్తే నా కళ్లు కిటికీల మీద పడ్డాయి. ఒక అద్దం నిలువునా పగిలుంది. వెనక తలుపు సగమే మూసుకుంటోంది. నాకు అర్థమైపోయింది. ఛాసీ అంటే రెండు పొడుగాటి ఇనుప దూలాలు, మధ్యలో అడ్డకమ్మీలు. ఒక చక్రం రాయెక్కితే అది తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది, పడాలి కూడా. పైన ఉన్న బస్సేమో బిగించిన డబ్బా, మెలిపడదు. రెంటినీ అన్నిచోట్లా బిగించి కట్టేశావనుకో, కాపురంలో ఇద్దరూ మొండివాళ్లయినట్టే. ముందు అద్దాలు పోతాయి, తర్వాత రివెట్లు. అందుకే వెనకవైపు గట్టిగా పట్టించి, ముందువైపు బోల్టుకి స్ప్రింగు వేసి, కాస్త లేచి కూర్చునే వీలు ఇవ్వాలి. మిలిటరీ వాళ్లు తొట్టి బిగించిన తీరు చూసినా వీడికి తెలిసేది. మా చెక్క బస్సులకి ఆ చింతే లేదు, అతుకు అతుకూ కిర్రుమంటూ సర్దుకునేది. ఆ కిర్రుకే నువ్వు డొక్కు బస్సని పేరు పెట్టావు.

ఇప్పుడు ఇక్కడ ఇలాంటివి కట్టనివ్వరు. కంపెనీ ఇచ్చిన బండి రూపు మార్చకూడదని చట్టం. బస్సు బాడీకయితే ఎ.ఐ.ఎస్. 052 అని విడిగా నిబంధనలు. మా మేస్త్రిది ఒకటే నిబంధన. బస్సు కట్టాక మొదటి ట్రిప్పు తన పెళ్లాం పిల్లల్ని ఎక్కించి తిప్పుకు రావాలి. ఆ రోజు షెడ్డులో ప్రతి బోల్టూ మూడుసార్లు చూసుకునేవాళ్లం. మరి మేం కట్టినవేవీ బోల్తా పడలేదా అంటే, పడ్డాయి. రెండు. మూడోది పూర్తిగా పడలేదు, చెట్టుకి ఆనింది.

సరే, తిట్టడానికే వాడికి ఫోను చేశాను. తిట్లు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత గంటన్నర వాణ్ణి లారీ కింద పడుకోబెట్టి, ఫోను అటు తిప్పు, ఇటు తిప్పు అని ఒక్కో బోల్టూ చూశాను. మా ఆవిడ పక్కగదిలోంచి “అర్ధరాత్రి ఆ అరుపులేంటండీ” అని కేకేస్తూనే ఉంది. స్ప్రింగులు వెయ్యడం వేశాడు గానీ, ముందు ఎడమవైపుది మరీ బిగించేశాడు. రెండు చుట్లు వదలమన్నాను. వదిలి, గుంటలో దింపి చూసి ఫోను చేస్తానన్నాడు. నిన్నటి మాట. ఇంకా చెయ్యలేదు వెధవ.