పాసు వసూలు

దేశం పోదామంటే కొందరికి ముందు బట్టలు గుర్తొస్తాయి, కొందరికి పచ్చళ్లు. నాకు టికెట్ల లెక్క గుర్తొస్తుంది. పెళ్లికి పోయినా, రాయించిన కట్నానికి తిన్న భోజనం సరిపోయిందా లేదా అని దారి పొడవునా లెక్కేసుకునే రకం నేను. అట్లాంటివాడిని పట్టుకుని, జర్మనీలో చదువుకుంటున్న మా బిడ్డ ఫోన్లో “బాపూ, అమ్మా నువ్వూ రండ్రి, ముగ్గురం కలిసి స్విట్జర్లాండ్ పోయొద్దాం. రైలు పాసు సంగతి నువ్వు జూడు” అన్నది. ఆ రోజు నుంచి జగిత్యాలలోని మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు.

ఆ దేశంలో రైలెక్కడం తేలికే. ఏ పాసుతో ఎక్కాలన్నదే కష్టం. స్విస్ ట్రావెల్ పాస్ అని ఒకటుంది. 3, 4, 6, 8, 15 రోజుల లెక్కన ఇస్తారు. రైళ్లు, బస్సులు, సరస్సుల మీద పడవలు, ఊళ్లలో ట్రాములు, 500కు పైగా మ్యూజియాలు, అన్నీ అందులోనే. మొదలుపెడితే వరుసగా వాడేయాల్సిందే. మధ్యలో ఆగి ఆగి వాడుకుంటామంటే ఫ్లెక్స్ పాసు కొనాలి, దానికి ఇంకొంచెం పెట్టాలి. రెండోది హాఫ్ ఫేర్ కార్డు. నెల రోజుల పాటు దాదాపు ఏ టికెట్ కొన్నా సగం ధరే. ఇవి చాలవన్నట్టు యూరెయిల్ పాసు. అది యూరప్ బయట ఉండేవాళ్లకు. మా బిడ్డ అక్కడే ఉంటోంది కాబట్టి ఇంటర్‌రెయిల్ అని వేరేది కొనుక్కోవాలట. ఒకే ఇంటివాళ్లం, పక్కపక్క సీట్లు, పాసులు మాత్రం వేరు. ఇవేవీ వద్దనుకుంటే ముందే బుక్ చేసుకునే సూపర్‌సేవర్ టికెట్లున్నాయి. చాలా చవక, కాని ఆ రైలు తప్పితే టికెట్ కూడా పోయినట్టే.

నేను ఎనిమిది రోజుల పాసు మీద మనసుపడ్డాను. దాన్ని పూర్తిగా వసూలు చేయాలంటే ఎంత తిరగాలో నోటుబుక్కులో రాశాను. జ్యూరిక్, లూసెర్న్, ఇంటర్‌లాకెన్, జెర్మాట్, అక్కడి నుంచి గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో సెయింట్ మోరిట్జ్. ఆ ఒక్క రైలే 291 వంతెనలు, 91 సొరంగాలు దాటుతూ ఎనిమిది గంటలు పోతుంది. పాసు ఉన్నా సీటు రిజర్వేషన్‌కు మళ్లీ వేరే పైసలు కట్టాలి. అది చదివినప్పుడు నాకు నిజంగానే రక్తపోటు పెరిగింది.

మా ఆవిడ ఆ పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది.

“ఎనిమిది గంటలు రైల్ల కూసోని ఏం జేస్తరు?”

“కిటికీల నుంచి కొండలు జూస్తరు.”

“మరి దిగి జూసేది ఎప్పుడు?”

దానికి నా పుస్తకంలో గడి లేదు.

బంధువుల సలహా అడిగాను. కోరుట్లలో మా చెల్లెను ఇచ్చాం. మా బావ చాలా ఏళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. “నోల్ కార్డు ఒక్కటుంటే సాలు. మెట్రోల గీకు, బస్సుల గీకు, అయిపాయె. గిన్ని పాసులు పెట్టినోనికి పనిలేదా?” అన్నాడు. సిరిసిల్లలో మా బామ్మర్దికి బట్ట నేసే సాంచెలున్నాయి. ఆయన మాత్రం నా సమస్య వెంటనే పట్టుకున్నాడు. “బావా, గది కిరాయి సాంచె లెక్కనే. బట్ట నేసినా నేయకున్నా రోజు కిరాయి పడ్తది. నువ్వు నిద్రపోతే నీకే లాసు.” అంతే, రోజూ పొద్దున ఆరింటి రైలుతో మొదలయ్యేలా ప్లాను మళ్లీ రాశాను.

ఆ మాటకొస్తే మా మూడూళ్ల మధ్య రైలు పాసుతో తిరగడం అయ్యే పని కాదు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు 1993లో శంకుస్థాపన జరిగిన పెద్దపల్లి లైను నిజామాబాద్ దాకా కలిసింది 2017లో. లింగంపేట–జగిత్యాల స్టేషన్లో ఎక్కితే కోరుట్లలో దిగొచ్చు. మనోహరాబాద్ నుంచి వచ్చే రెండో లైను 2023 అక్టోబరులో సిద్దిపేట చేరింది. సిరిసిల్ల ఇంకా ఎదురుచూస్తోంది. ఊళ్లో రైలు లేని బామ్మర్ది దగ్గర స్విస్ రైళ్ల సలహా తీసుకున్నవాణ్ణి నేనొక్కడినే అయ్యుంటాను.

మా ఆవిడ దగ్గర మాత్రం వీటన్నిటికన్నా గొప్ప పాసు ఉంది, ఆధార్ కార్డు. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా. కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొడతాడు, పక్కన నాకు పైసల టికెట్ కొడతాడు. పుట్టింటికి బయల్దేరి వేములవాడలో దిగుతుంది. రాజన్న దర్శనం చేసుకుని, బజారు చూసుకుని, ఇష్టమున్నప్పుడు ఇంకో సిరిసిల్ల బస్సెక్కుతుంది. ఎక్కడ దిగితే ఎంత నష్టమన్న ఆలోచనే ఉండదు. నేను అట్లా దిగిన ప్రతిసారీ మళ్లీ టికెట్ కొంటూ, మొహం ముడుచుకుని వెనకాల నడుస్తాను.

స్విస్ పాసు అమ్మేది కూడా ఈ సుఖాన్నే. లూసెర్న్‌లో పడవ కనబడితే ఎక్కేయడం, నచ్చిన ఊళ్లో దిగడం, కొండ రైలు వస్తే కూర్చోవడం. 1871లో నడవడం మొదలైన రిగి కొండ రైలు, యూరప్‌లో మొట్టమొదటి పర్వత రైలు, ఈ పాసులో ఉచితం. ఆ సుఖం పడని నాలాంటి మనిషికి పాసు కొనిస్తే పడవలో కూడా వాచీ చూసుకుంటాడు.

ఇంకో తిరకాసుంది. 3,454 మీటర్ల ఎత్తున, 1912 నుంచి రైలు పోతున్న యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్‌కు స్విస్ ట్రావెల్ పాసు పూర్తిగా చెల్లదు. కింది పల్లెల దాకా ఉచితంగా తీసుకుపోయి, అక్కడి నుంచి పావు వంతే తగ్గిస్తుంది. హాఫ్ ఫేర్ కార్డేమో సగం తగ్గిస్తుంది. ఇది తెలిసిన రాత్రి నేను సంతోషంతో లేచి కూర్చున్నాను. మా ఆవిడకు ఆ మంచు కొండ అక్కర్లేదట, మోకాళ్లు నొస్తాయట.

బిడ్డ ఫోన్లో తీర్పు చెప్పేసింది. “అమ్మకు పాసు. బాపుకు హాఫ్ ఫేర్ కార్డు. నా సంగతి నేను జూసుకుంట.” నాకు అభ్యంతరం లేదు. పడవ ఎక్కే ముందు ధర చూసి, సగం చేసి, రూపాయల్లోకి మార్చి, వద్దనుకుని ఒడ్డున నిలబడే హక్కు ఆ కార్డు నాకు ఇస్తుంది.

మీరూ పోతున్నట్టయితే ఒక్క మాట. పాసు ఏదైనా తీసుకోండి గాని, యుంగ్‌ఫ్రావ్ టికెట్ మాత్రం ముందే కొని పెట్టుకోకండి. కొండ మీది కెమెరాలు మబ్బు పట్టిందో లేదో పొద్దున్నే చూపిస్తాయి. అవి చూశాకే పైసలు తీయండి.