సాక్ష్యం

ఏటా ఉజ్జీవ కూడికల ఆఖరి రాత్రి బాబాయ్ చేత సాక్ష్యం చెప్పించడం మా సంఘంలో ఆనవాయితీ. చెప్పించేది నేనే. ఎ.కొండూరు నుంచి తండాలకు పోయే దారిలో పందిరి వేసి మైకు కట్టాక, నేను లేచి "ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సారా కాచి పోసిన చెయ్యి ఇది" అనేవాణ్ణి. కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. పాపం ఎంత పెద్దదని తెలిస్తే కృప అంత పెద్దదిగా కనబడుతుందని నా నమ్మకం.

దూబగుంట ఆడవాళ్ళు రాజేసిన పోరాటంతో 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా అమ్మకం ఆపేసింది. దుకాణం మూతపడ్డాక బాబాయ్ పొయ్యి వెలిగింది. నల్లబెల్లం, తుమ్మచెక్క, నవసారం. మామిడితోటల్లో దాచిన డ్రమ్ముల్లో ఊట. పోలీసులు వచ్చి పారబోస్తే మర్నాడే మళ్ళీ బెల్లం నానేది. తర్వాత తండాల్లో కిడ్నీలు పాడై మనుషులు మంచాన పడుతుంటే, డాక్టర్లు తాగేనీళ్ళలో ఏదో ఉందని చెబుతున్నా, ఆయన కళ్ళకి మాత్రం తను పోసిన సీసాలే కనబడ్డాయట. అలా కుమిలిపోతూ సంఘానికి వచ్చాడు. బాప్తిస్మం తీసుకున్నాక ఆటో కొన్నాడు. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళని తెల్లారకముందే బస్సెక్కించి, రాత్రి మళ్ళీ ఇంటి గుమ్మంలో దింపుతాడు. డబ్బులిస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే అడగడు.

ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన వేళ్ళు చొక్కా చివరి బొత్తాన్ని తిప్పుతూనే ఉండేవి. ఒక ఏడు అది ఊడి చేతిలోకి వచ్చింది. ముందు వరసలో సంఘపెద్ద, మా నాన్న, తల వంచుకుని కళ్ళు తుడుచుకునేవాడు. నాన్న పోయాక కూడా ఆ సాక్ష్యం వింటే నాకు ఆయనే గుర్తొచ్చేవాడు.

పోయినేడు బాబాయ్ రానన్నాడు.

"మన మీదున్న పత్రాన్ని ప్రభువు సిలువకి కొట్టేశాడని కొలస్సీ పత్రిక తీసి నువ్వే చెప్పావు కదా అబ్బాయ్. ఏటేటా మేకు ఊడదీసి ఆ పత్రం నాచేత చదివిస్తున్నావు."

"పౌలు చెప్పుకోలేదా బాబాయ్, సంఘాన్ని హింసించానని?"

"చెప్పుకున్నాడు. ఎవరూ పిలిచి చెప్పించలేదు."

ఆ రాత్రి నిజంగానే రాలేదు. నాకు దిగులేసింది. మనిషి వెనక్కి జారిపోతున్నాడేమోనని తెల్లారేసరికి వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయ్ ఆటో వేసుకుని వెళ్ళిపోయాడు. పిన్ని పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది.

"వెనక్కి పోయేవాడైతే ఆ పుస్తకం ఉంచుకునేవాడు బాబూ" అంది.

"ఏం పుస్తకం?"

"అప్పు ఖాతా. సారా తాగి బాకీపడ్డవాళ్ళ పేర్లన్నీ అందులోనే. బాప్తిస్మానికి ముందురాత్రి ఈ పొయ్యిలోనే పెట్టాడు. వచ్చేవి నలభై వేల పైమాటే. పిల్ల పెళ్ళికి పనికొస్తాయి కదా అని నేను ఏడ్చాను. నా బాకీ ప్రభువు కొట్టేస్తుంటే వీళ్ళ బాకీ నేనెలా దాచుకోనే అన్నాడు. ఆ తర్వాత ఒక్కరి పేరు కూడా ఆయన నోట వినలేదు."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళూ మేం వినాల్సిన సాక్ష్యం ఇది కదా!

"ఇంత గొప్ప సంగతి ఒక్కసారైనా చెప్పలేదేం పిన్నీ? వచ్చే కూడికల్లో ఇదే చెప్పిద్దాం. ఎవరి బాకీ ఎంత కొట్టేశాడో జనానికి తెలియాలి."

పిన్ని రొట్టె తిరగేసింది. నా మొహంలోకి చూడలేదు.

"వద్దులే బాబూ. మొదటి పేజీ అంతా మీ నాన్నదే."