బంతి బాబాయి

లిఫ్టు తలుపు మూసుకునేలోగా ‘ఇవాళ మీ ఇంట్లో కూరేమిటి?’ అని అడిగే మనిషి మీ అపార్టుమెంటులో ఉన్నాడంటే, మీకూ ఒక బంతి బాబాయి ఉన్నట్టే. బెండకాయ వేపుడని చెప్పి తప్పించుకోలేరు. చక్రాలా, పొడుగు ముక్కలా, జిగురు పోవడానికి పెరుగు వేశారా, పల్లీలు తగిలించారా అంటూ మీ అంతస్తు వచ్చేదాకా విచారణ సాగుతుంది. మీరు దిగబోతే తలుపుకు కాలు అడ్డం పెట్టి మరీ, ‘పక్క ఫ్లాటుకి ఓ గిన్నెడు పంపారా?’ అంటాడు. మీరు పంపలేదని ఆయనకు తెలుసు. పక్క ఫ్లాటు వాళ్ల పేరైనా మీకు తెలియదని ఇంకా బాగా తెలుసు. అడగడం అందుకే.

ఈయన ఎవరికీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. రిటైరైన బ్యాంకు మేనేజరో, కరెంటాఫీసు ఇంజినీరో అయి ఉంటాడు. ఉద్యోగమున్నంత కాలం ఊరూరా తిరిగి, కొడుకు కూకట్‌పల్లి వైపు ఫ్లాటు కొన్నాక ఇక్కడికొచ్చి పడ్డాడు. ‘పడ్డాను’ అన్న మాట ఆయనదే. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచీ, అందులో పాత సంవత్సరం డైరీ. ఆ డైరీలో మనుషులు పేర్లతో ఉండరు. 302: ఉల్లి తినరు. 405: షుగరు, కానీ బూరె వదలడు. 101: తింటారు, గిన్నె తిరిగివ్వరు.

కిలో బియ్యం ఎంతమందికి వస్తుందని ఏ వంటమాస్టరునడిగినా ఎనిమిది నుంచి పదిమంది అంటాడు. బాబాయి లెక్క అంత తేలిగ్గా తేలదు. పొలం పనుల వాళ్లయితే ఐదుగురు. వియ్యాలవారైతే ఎనిమిది, అందులో అలిగేవాళ్లు ఇద్దరు. సాఫ్ట్‌వేర్ పిల్లలైతే పద్నాలుగు, వాళ్లలో తినేముందు ఫోటో తీసేవాళ్లుంటే ఇరవై. నవ్వకండి, ఆయన వండించిన అన్నం ఎప్పుడూ మిగల్లేదు, ఎప్పుడూ చాలకపోలేదు.

ఆయనకు ఈ లోకంలో ఉన్న శత్రువు బఫే ఒక్కటే. ‘నుంచుని తినడమేమిటయ్యా? ఒక చేతిలో కంచం, ఒక చేతిలో ఫోను, అప్పడం ఎవరు విరుస్తారు?’ అని మొదలెడతాడు. ఆయన వాదనలో అసలు విషయం అప్పడం కాదు. బఫేలో మనిషి తనకు తెలిసినవాళ్ల దగ్గరికే కంచం పట్టుకుపోతాడు. బంతిలో ఆ వెసులుబాటు లేదు. విస్తరి ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోవాలి, పక్కన ఎవరొస్తే వాళ్లే చుట్టాలు. పప్పూ నెయ్యీ వచ్చేదాకా చెయ్యి పెట్టకూడదు కాబట్టి అంతసేపూ పక్కవాడితో మాట్లాడక చావదు. మన తిండి అయిపోయినా పక్కవాడు పెరుగన్నంలో ఉంటే లేవకూడదు కాబట్టి మరికాసేపు మాట్లాడాలి. చాదస్తంగా వినిపిస్తుంది గానీ, కాదనడానికి నాకేమీ దొరకలేదు.

వడ్డనలో ఆయనకు సొంత నిఘంటువు ఉంది. చెయ్యి అడ్డం పెట్టి చాలంటే ఇంకో గరిటెడు. రెండు చేతులూ అడ్డం పెడితే సగం గరిటె. విస్తరి మీదకి వంగి ఒళ్లంతా అడ్డం పెడితేనే నిజంగా చాలని అర్థం. అప్పుడు కూడా ‘పోనీ, చారులోకి’ అంటాడు.

కార్తీక మాసం వచ్చిందంటే బాబాయికి ఒళ్లు తెలియదు. ఉసిరిచెట్టు కింద వండుకు తినాలన్నది ఆచారం. మొయినాబాద్ వైపు అద్దెకు దొరికిన ఫార్మ్‌హౌసులో ఈతకొలను ఉంది, క్రికెట్ నెట్టు ఉంది, ఉసిరిచెట్టు మాత్రం లేదు. ఆయన ఏమాత్రం తొణకలేదు. నర్సరీలో కుండీమొక్క కొని, కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి తెచ్చాడు. పిన్నిగారు వెనక సీట్లో నేతిడబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చారు. ఆ మోకాలెత్తు ఉసిరి నీడలో నూటయాభైమంది భోంచేశామని మేం చెప్పుకోవాలి.

మొదటి ఏడు ‘వంటమాస్టరెందుకు, ఇంటికో వంటకం’ అన్నాడు. మీకు బాగా వచ్చినది వండి తెండని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తెలుగువాళ్లకు బాగా వచ్చినదేమిటో ఆ రోజు తేలిపోయింది. పదకొండు పులిహోరలొచ్చాయి. చింతపండుది, నిమ్మకాయది, దబ్బకాయది, మామిడల్లం వేసినది, ఆవపెట్టినది, ఉత్త ఇంగువ పోపేసి పులిహోర అని పేరు పెట్టినది. మిగిలినవన్నీ పెరుగన్నాలు. కూరన్నది కంటికి కనబడలేదు. ఒక డబ్బా మీద హోటలు స్టిక్కరు సగం గోకి ఉంది. బాబాయి మిగతా సగం తనే గోటితో గోకేసి, ‘ఎవరు వండితేనేం, ప్రసాదం’ అన్నాడు. ఆ డబ్బా ఎవరిదో ఆయన డైరీలో రాసుకోలేదని నాకు గట్టి నమ్మకం.

మరుసటేడు వంటమాస్టరు వచ్చాడు. గ్యాసు పొయ్యి కుదరదని బాబాయి గాడిపొయ్యి తవ్వించాడు, ఓనరు ముచ్చటపడి పెంచుకున్న పచ్చిక నడిమధ్యన. ఆ గాడి పూడ్పించడానికి కట్టిన సొమ్ము ఇప్పటికీ చందా లెక్కల్లో ‘ఇతర ఖర్చులు’ కింద కనిపిస్తుంది.

‘ముక్క లేని దావత్ దావతేనా సార్?’ అని మూడో అంతస్తు నల్లగొండాయన ఏటా అడుగుతాడు. ‘కార్తీకమయ్యా’ అంటాడు బాబాయి. ‘మా దిక్కు ఊరంత వంటలకు పోయిందంటే యాట తెగాల్సిందే’ అంటాడాయన. ఈ చర్చ తెగదు, తెంచాలని ఇద్దరికీ లేదు. కార్తీకం వెళ్లిన మొదటి ఆదివారం బాబాయి ఆయనింట్లో కనిపిస్తాడు. అక్కడ ఏం తిన్నాడని పిన్నిగారు అడగరు, ఆయన చెప్పడు.

ఇక్కడ ఒక సంగతి దాటవేయకూడదు. మన రెండు రాష్ట్రాల్లోనూ కార్తీక వనభోజనాలంటే చాలాచోట్ల ఇప్పుడు కుల సంఘాల సభలే. ఎవరి చెట్టు వారిది, ఎవరి ఫ్లెక్సీ వారిది, ఎవరి ఎమ్మెల్యే వారికి. మా గేటు ముందు నుంచి కూడా ఆ ఆదివారాల్లో తలో బస్సూ తలో దిక్కుకి వెళుతుంది. బాబాయినీ ఆయన సంఘం వాళ్లు పిలిచారు. వెళ్లాడు, తిన్నాడు, కంద బచ్చలి అద్భుతమని చెప్పాడు. ‘అయితే వచ్చే ఏడూ వెళతారా?’ అంటే, ‘అక్కడందరూ నాకు తెలిసినవాళ్లేనయ్యా, ఏం లాభం?’ అన్నాడు.

ఆయన సొంతూరు కోనసీమలో లంకల గన్నవరానికి దగ్గర. అందుచేత డొక్కా సీతమ్మగారు వేళకానివేళ వచ్చిన బాటసారులకు కూడా వండి పెట్టిన కథ మాకందరికీ కంఠతా వచ్చేసింది. ఆవిడ 1909లో పోయారు, బాబాయి మాత్రం నిన్నగాక మొన్న వాళ్లింట్లో తిని వచ్చినట్టు చెబుతాడు. అది అవగానే 12వ శతాబ్దానికి వెళ్లి, పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ కలిపి కూర్చోబెట్టిన చాపకూడు ఎత్తుకుంటాడు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఆ చాపకూడు నేటికీ పెడతారని గుర్తుచేస్తాడు. తర్వాత జిల్లెళ్లమూడి అమ్మ, 1958 ఆగస్టు 15న తెరిచిన అన్నపూర్ణాలయం. చిక్కల్లా ఏమిటంటే, ఈ చరిత్రంతా వడ్డించేవాడి చేతిలో గరిటె ఉండగానే చెబుతాడు. బ్రహ్మనాయుడు కారంపూడి చేరేసరికి అన్నం చల్లారిపోతుంది.

చెప్పి ఊరుకునే రకమైతే ఇంత రాయక్కర్లేదు. ఓ ఏడాది మొదటి బంతిలో వాచ్‌మన్ కుటుంబాన్నీ, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లనూ, చెత్తబండి కుర్రాణ్ణీ తెచ్చి కూర్చోబెట్టాడు. చివర్న కాదు, మధ్యమధ్యన. అప్పుడు మావాళ్లకు పుట్టుకొచ్చిన అవసరాలు చూడాలి. ఒకాయనకు మాత్ర వేసుకోవాలని గుర్తొచ్చింది. ఇద్దరికి ఒకేసారి అమెరికా నుంచి ఫోన్లొచ్చాయి. ఒకావిడకు కింద కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయట. ఆవిడే అంతకుముందు కుర్చీలాటలో గెలిచి స్టీలు డబ్బా పట్టుకెళ్లింది. బాబాయి ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఖాళీ అయిన విస్తళ్లలో కూడా వడ్డించేశాడు. నెయ్యీ వేశాడు, గోంగూరా వేశాడు. గోంగూర చూశాక మోకాళ్లావిడ వచ్చి కూర్చుంది. ఫోన్లు కట్టయ్యాయి. మాత్రాయన మటుకు రెండో బంతిదాకా రాలేదు.

ఇదంతా బాబాయి గొప్పేనని నేననను. వాచ్‌మన్ భార్య ఆ విస్తరి ముందు ముడుచుకుని కూర్చున్న తీరు చూస్తే, ఆమెను అడిగే కూర్చోబెట్టాడా అని అనుమానం వచ్చింది. అడగలేదట. మరుసటేడు అడిగాడు. ‘పోయినసారి లెక్క నడుమల వద్దు సార్, మా పిల్లల పక్కకు కూసుంట’ అంది. అలాగే కూర్చుంది. పప్పు మూడుసార్లు వేయించుకుంది.

ఆయన చేసిన పెళ్లిసంబంధాల గురించి వేరే రాయాలి గానీ, పార్కింగు తగాదా గురించి చెప్పి తీరాలి. మా సెల్లార్లో ఒక పసుపు గీత ఉంది. దాని కారణంగా మొహాలు చూసుకోవడం మానేసిన ఇద్దరు పెద్దమనుషులున్నారు. బాబాయి వాళ్లిద్దరి విస్తళ్లూ పక్కపక్కన వేయించి, ఇద్దరికీ కలిపి ఒకే ఆవకాయ గిన్నె పెట్టాడు. సంధి కుదురుతుందని మేమంతా చూస్తున్నాం. ఇద్దరూ చెరో దిక్కూ చూస్తూ పప్పు కలుపుకున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఇద్దరి తలలూ ఒకేసారి లేచాయి.

‘ఉప్పు లేదు కదండీ?’ అన్నాడొకాయన.

‘అసలు లేదండీ!’ అన్నాడు రెండో ఆయన.

అక్కడ కలిసిన స్నేహం ఇంకా సాగుతోంది. గీత తగాదా తేలలేదు, దాని మాట ఎత్తడానికి వాళ్లకు తీరికే లేదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి నడుస్తారు, నడిచినంతసేపూ బాబాయిని తిడతారు. మా అపార్టుమెంటులో ఐకమత్యమన్నది ఉంటే అది దీనిమీదే నిలబడింది. బాబాయి చందా పెంచాడు. బాబాయి దప్పళంలో బెల్లం ఎక్కువ వేయించాడు. బాబాయి వల్ల బస్సు ఆలస్యమైంది. తిట్టడానికి నలుగురు చేరతారు, చేరినవాళ్లు ఒకరి పేరొకరు తెలుసుకుంటారు, ఆ తర్వాత గిన్నెలు ఇటూ అటూ తిరుగుతాయి. ఇదంతా ఆయనకు తెలియదనుకోను. గ్రాములతో సహా పట్టీ రాసే మనిషి పప్పులో ఉప్పు మరిచిపోతాడా?

వనభోజనం ఏడాదికొక్కటే. తక్కిన నెలల్లో పౌర్ణమికి మేడ మీద వెన్నెల భోజనం నడుపుతాడు. పదిమందికి మించి పిలవడు, పదకొండో మనిషి వస్తే అది జనరల్ బాడీ మీటింగైపోతుందని భయం. పెద్ద బేసినులో వేడన్నం, ఆవకాయ, నెయ్యి వేసి తనే కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో ముద్దలు పెడతాడు. కొత్తగా దిగిన కుర్రాడొకడు శానిటైజరు పూసుకుని చెయ్యి చాపాడు. ఆ ముద్ద ఆసుపత్రి వాసన వేసింది. ఇంకొకడు స్పూను అడిగాడు. ‘ఉంది గానీ, నీ చెయ్యే శుభ్రంగా ఉందిరా’ అన్నాడు బాబాయి.

నాలుగో అంతస్తులో ఒక్కరే ఉండే వరంగల్లు టీచరమ్మ ఎవరింటికీ వెళ్లేవారు కాదు. ఒక పౌర్ణమికి గిన్నె పట్టుకుని పైకొచ్చారు. బాబాయి తొంగి చూసి, ‘ఇది కాచలేదేమిటమ్మా?’ అన్నాడు. ‘కాస్తె పచ్చిపులుసెట్లైతది? మీరు చారును కాచి కాచి దాని పానం తీస్తరు’ అన్నారామె, క్లాసులో అందరూ నోరు మూసుకునే గొంతుతో. బాబాయి మూడు గ్లాసులు తాగి ఓటమి ఒప్పుకున్నాడు. ఇప్పుడామె ఇంటికి పిల్లలు లెక్కలు చెప్పించుకోవడానికి వెళుతున్నారు. దానికీ పచ్చిపులుసుకీ సంబంధం లేదని ఆమె అంటారు. బాబాయి డైరీలో ఏం రాసుకున్నాడో తెలియదు.

మీ మెట్ల మీద ఇలాంటాయన గుడ్డసంచీతో ఎదురైతే, చందా అడిగిన రోజే ఇచ్చేయండి. రసీదు మాత్రం అడగొద్దు. ఇస్తాడు, ఇచ్చి ఉప్పు ప్యాకెట్టు దాకా లెక్క చదివి వినిపిస్తాడు. ఇంటికో వంటకం అంటే మాత్రం దయచేసి ఏదో ఒక కూర వండి పట్టుకెళ్లండి. పులిహోర వద్దు.