పదికి తొమ్మిది

కోచ్ గారూ,

మీరు మొదటిసారి మా ఊరికి వచ్చిన రోజు మిమ్మల్ని తీసుకురావడానికి స్టేషన్‌కు నేనే వచ్చాను. బోర్డు మీద భద్రాచలం రోడ్ అని చూసి గుడి ఎక్కడని అడిగారు. ఇది కొత్తగూడెమనీ, రామయ్య గుడికి ఇంకా 40 కిలోమీటర్ల దాకా పోవాలనీ చెప్పాను. ఇంత దూరం వచ్చినవాళ్లు దర్శనం చేసుకోకుండా పోకూడదని మా యజమాని మర్నాడు కారు ఇచ్చి పంపారు. దారిలో పాల్వంచ దాటాం. ఆ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించాడనీ, సర్కారు సొమ్ము దానికి వాడినందుకు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడనీ, ఏ నగకు ఎంతైందో లెక్క చెబుతూ రాముణ్నే నిలదీశాడనీ చెప్పుకొచ్చాను. మీరు శ్రద్ధగా విని, ‘జవాబుదారీతనమంటే అదీ’ అన్నారు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మీ దగ్గర మేం నేర్చుకున్న విద్యకు ఇవాళ నేనూ లెక్క చెబుతాను. గోపన్న తిట్టాడు, ఆ తిట్ల నిండా భక్తి ఉంది. నేను పొగుడుతాను. ఈ పొగడ్తలో అబద్ధం ఒక్కటీ ఉండదు.

మీరు రాకముందు మా సంస్థలో సమావేశమంటే యజమాని అరవడం, మేం తలలు వంచుకోవడం. బొగ్గుబాయిల్లో వాడే పంపులు, జాక్‌లు రిపేరు చేసే షెడ్డు మాది. 64 మందిమి. నేను లెక్కలు చూసేవాణ్ని. మీరొచ్చి ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి కూర్చోమన్నారు. గడియారం బల్ల మీద పెట్టారు. 90 నిమిషాలు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకూడదు. అందులో 60 నిమిషాలు సమస్యలకే. సమస్యను గుర్తించు, చర్చించు, తేల్చు. ఈ పద్ధతిని అమెరికాలో గినో విక్‌మన్ తయారు చేశాడనీ, 2007లో ‘ట్రాక్షన్’ పేరుతో పుస్తకంగా తెచ్చాడనీ చెప్పారు. సంస్థకు ఆరు అంగాలన్నారు: గమ్యం, మనుషులు, అంకెలు, సమస్యలు, పని విధానం, పట్టు. సమావేశం చివర ప్రతి ఒక్కరూ దానికి పదికి ఎన్ని మార్కులో చెప్పాలి. మేం తొమ్మిది వేసేవాళ్లం.

అరుపులు ఆగాయి. నిజం చెబుతున్నాను, ఆ ఒక్కదానికే మీకు దండం పెట్టవచ్చు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నా మాట మధ్యలో ఎవరూ తుంచలేదు.

తర్వాత ఎవరి బాధ్యత ఏమిటో చూపే పటం గీయించారు. ఒక్కో పనికి ఒక్కో గడి, ఒక్కో గడిలో ఒకటే పేరు. ‘ఇద్దరు బాధ్యులంటే ఎవరూ బాధ్యులు కారు’ అన్నారు. ఎంత చక్కని మాట! స్టోర్ కీపర్ నుంచి డ్రైవర్ దాకా అందరి పేర్లూ గడుల్లోకి ఎక్కాయి. కొనుగోళ్ల గడిలో నా కింద పనిచేసే కుర్రాడి పేరు రాశారు. ఏ సరుకు ఎక్కడ కొనాలో చెప్పేది మాత్రం యజమాని బావమరిది. ఆయనకు పటంలో గడి లేదు. మీ చేతి నేర్పు అంతటిది. 64 మంది చుట్టూ గీతలు గీశారు, అందరికన్నా ఎక్కువ అధికారం నడిపే మనిషికి ఒక్క గీతా తగలనివ్వలేదు.

మూడు నెలల్లో సాధించాల్సిన పెద్ద పనులకు ‘రాళ్లు’ అని పేరు పెట్టారు. కుండలో ముందు పెద్ద రాళ్లు వేసి తర్వాత ఇసుక పోస్తే అన్నీ పడతాయని చూపించారు. కోచ్ గారూ, బొగ్గుబాయి ఇళ్లలో రాయి అంటే గని రూఫ్ నుంచి ఊడి మనిషి మీద పడేది. ‘రాయి పడ్డదట’ అని ఎవరైనా వాకిట్లో అంటే ఆడవాళ్లు పొయ్యి మీది అన్నం వదిలేసి మెయిన్ హాస్పిటల్‌కు పరుగెత్తేవాళ్లు. మా షెడ్డులో సగం మంది ఆ ఇళ్ల పిల్లలే. మీ రాళ్ల జాబితా గోడకు అంటించిన రోజు వాళ్లెవరూ మాట్లాడలేదు. మాకు పాఠం అర్థమైందనుకుని మీరు సంతోషించారు.

అంకెల పట్టిక మీరిచ్చిన వాటిలోకెల్లా గొప్ప కానుక. వారం వారం పన్నెండు అంకెలు రాయాలి. దారి తప్పిన అంకె ఎర్రగా కనిపించాలి. ఆరో అంకె, రిపేరు చేసి పంపాక మళ్లీ తిరిగొచ్చిన పంపులు. అది నెలకు మూడు ఉండేది, తొమ్మిదికి ఎక్కింది. మీ పట్టిక అబద్ధం చెప్పలేదు. జబ్బు ఉందని చెప్పింది. జబ్బు ఎక్కడుందో చెప్పగల మనిషి ఆ గదిలో లేడు.

అతను షెడ్డులో ఉన్నాడు. మా సీనియర్ మెకానిక్. ఒక మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరకు వచ్చి రెండు ఆయిల్ సీళ్లు కాగితం మీద పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒకటే, నల్లటి రబ్బరు రింగులు.

‘సార్, ఇది పాతది, ఇది ఇప్పుడు తెప్పిస్తున్నది. గోరుతో నొక్కి సూడండి, మీకే తెలుస్తది’ అన్నాడు.

పాత సీలు అంచు నొక్కితే గోటి గుర్తు పడి, రెండు క్షణాల్లో మాయమైంది. కొత్తదాన్ని నొక్కాను. గుర్తు పోలేదు. వేళ్ల మధ్య కొద్దిగా వంచితే అంచు మీద వెంట్రుకంత పగులు తెరుచుకుంది. లోపలి నుంచి నల్లటి పొడి కాగితం మీద రాలింది.

‘పంపు వేడెక్కితే ఇది నాలుగు రోజులు కూడా ఆగదు. మావోళ్ల పనితనం తప్పు కాదు సార్’ అన్నాడు.

ఆ సీళ్లు ఎవరి దుకాణం నుంచి వస్తున్నాయో, బిల్లులు పాస్ చేసే నాకు తెలుసు. యజమాని బావమరిదిది ఆ దుకాణం. తర్వాతి సోమవారం ఆరో అంకె చర్చకు వచ్చింది. మీరు బోర్డు మీద ‘మూల కారణం?’ అని రాసి ఒక్కొక్కరినీ అడిగారు. నా వంతు వచ్చింది. సీళ్లు రెండూ నా సంచిలోనే ఉన్నాయి. యజమాని ముఖం చూశాను, మెకానిక్‌ల నైపుణ్యం తగ్గిందేమో అన్నాను. మీరు అదే బోర్డు మీదకు ఎక్కించారు. పది నిమిషాల్లో సమస్య తేలిపోయింది. ఆ రోజు కూడా సమావేశానికి తొమ్మిది మార్కులు వేశాను.

ఆ నెలలోనే మీరు ‘సరైన మనిషి, సరైన కుర్చీ’ పాఠం చెప్పారు. మా సీనియర్ మెకానిక్ ఉన్నది సరైన కుర్చీ కాదని తేలింది. పద్దెనిమిదేళ్ల సర్వీసు. లెక్క చూసి చెక్కు రాసింది నేనే. పుండొకచోట ఉంటే మందొకచోట రాశారని మిమ్మల్ని అనను. రోగి నాడి మీ చేతికి అందకుండా అడ్డం కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ షెడ్డులోకి వెళ్లి నాడి పట్టుకోవాలని మీకు ఒక్కనాడూ అనిపించలేదు. మీ తరగతులు హైదరాబాద్ హోటల్లో, ఆయిల్ వాసన రాని గదిలో, ఆరుగురు పెద్దల మధ్య జరిగాయి. మీ ఏడాది ఫీజు నలుగురు ఫిట్టర్ల ఏడాది జీతం. అణా బాకీ లేకుండా కట్టాం.

మీరు చెప్పిన విద్య వింటున్నప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొచ్చేవాడు. ఆయన కొత్తగూడెం బాయిలో మైనింగ్ సర్దార్. షిఫ్టు మొదలైతే పనిచోటికి మనుషులకన్నా ముందు తను పోవాలి. చేతిలో కర్ర, తలకు లైటు. కర్రతో రూఫ్‌ను తట్టి చెవి ఒగ్గేవాడు. గట్టి రూఫ్ అయితే ఖంగుమంటుంది. పొర విడిచిందైతే డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిందా, అక్కడ కంచె కట్టి మనుషుల్ని వెనక్కి పంపేవాడు. ఆ రోజు ఎంత బొగ్గు తీయాలని పైన లెక్క వేసుకున్నా సరే, ఆ అధికారం గనుల చట్టం సర్దార్‌కు ఇచ్చింది. షిఫ్టు దిగాక చూసిందంతా పుస్తకంలో రాసేవాడు. తర్వాతి సర్దార్ అది చదివాకే లోపలికి పోయేవాడు.

మీ ఆరు అంగాల్లో చాలా వరకు ఆ పుస్తకంలోనే ఉన్నాయి. ఒక చోటుకు ఒకే మనిషి బాధ్యుడు. చూసింది చూసినట్టు రాయాలి. సమస్యను అప్పటికప్పుడు తేల్చాలి. ఒక్కటే తేడా. అక్కడ ప్రమాదం ఉందని చెప్పినవాణ్ని తీసేయరు, ప్రమాదం ఉన్నచోటి నుంచి మనుషుల్ని తీస్తారు. ఆ పని ఎందుకంత ముఖ్యమో మా బాయి ఇళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు.

ఒక పెద్ద సంస్థ పద్ధతి మార్చుకోవడం కూడా ఈ ఊరు కళ్లారా చూసింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిన నాటి నుంచి నడిచిన చరిత్ర సింగరేణిది. 1920లో కంపెనీగా ఏర్పడింది. అంత కంపెనీ 1992లో ఒకసారి, 1996లో మరోసారి ఖాయిలా పడి, ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. ఎప్పుడు చూసినా సమ్మె, ఎక్కడ చూసినా నష్టం. అప్పుడు బాగుపడింది పై అంతస్తు గదిలో పటాలు గీసినందువల్ల మాత్రమే కాదు. కంపెనీ ఎంత నష్టంలో ఉందో, టన్ను బొగ్గుకు ఎంత ఖర్చవుతోందో అధికారుల బృందాలు బాయిల దగ్గరకే వెళ్లి కార్మికులకు చెప్పాయి. 1998లో గుర్తింపు సంఘానికి రహస్య ఓటుతో ఎన్నిక జరిగింది. తమ తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికులే తేల్చుకున్నారు. తర్వాత లాభాల్లో వాటా మొదలైంది. 2023-24 లాభాల్లో విస్తరణకు తీసిపెట్టింది పోగా మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారి ఐదేసి వేలు ఇచ్చారు. లోపాలు లేవని అనను. లక్ష దాటిన ఉద్యోగాలు సుమారు నలభై వేలకు వచ్చిన బాధ ఈ ఊరి ప్రతి వీధిలో ఉంది. కానీ కంపెనీ నిలబడింది. లెక్క కింది దాకా దిగింది, మాట పైదాకా ఎక్కింది. అందుకే నిలబడింది.

పైన కూర్చున్నవాళ్లకే అన్ని విద్యలూ వస్తే చాలనుకున్న కథా మనవాళ్లదే. హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కు నాయకత్వం నేర్పే సొంత బడి ఉండేది. మంచి పాలనకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాసి, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నాడు. నిజం చెప్పే మనిషికి చోటు లేని బల్ల మీద ఎంత చక్కటి పట్టిక పరిచినా, అందులో అబద్ధమూ నీటుగానే కూర్చుంటుంది.

కోచ్ గారూ, మీ పద్ధతి మంచిది. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. సమయపాలన, ఒక్క బాధ్యతకు ఒక్క పేరు, వారానికోసారి అంకెలు, సమస్యకు మూలం వెతకడం, అన్నీ మంచివే. మాకు అందకుండా పోయిందల్లా మీ ధైర్యం. ఫీజు ఇచ్చే మనిషిని ‘మీ బావమరిది గడి ఏది?’ అని అడగగల ధైర్యం. అది మీరు చూపించి ఉంటే, సంచిలో సీళ్లు పెట్టుకుని నోరు మూసుకున్న నాకూ కొంచెం ధైర్యం వచ్చేదేమో. రాకపోతే ఆ తప్పు నాదే అయ్యేది. ఇప్పుడు ఇద్దరిదీ.

మీరు మళ్లీ ఈ వైపు వస్తున్నారని విన్నాను. పాల్వంచలో ఎవరో పిలిచారట. ఒక్కటి వేడుకుంటున్నాను. ఈసారి మొదటి సమావేశం షెడ్డులో పెట్టండి. పెద్దలు ఆరుగురి పక్కన ఏడో కుర్చీ వేసి, అక్కడ ఎక్కువ కాలంగా స్పానర్ పట్టినవాణ్ని కూర్చోబెట్టండి. అతను నోరు విప్పినందుకు అతని ఉద్యోగం పోదని యజమాని చేత ముందే రాయించుకోండి. అంకెల పట్టిక తర్వాత పరవచ్చు.

నేను ఆ సంస్థ మానేసి ఏడాది దాటింది. ఆ రెండు సీళ్లూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. అడిగితే తెచ్చి ఇస్తాను. గోరుతో నొక్కి చూడండి.