టీకాల పెట్టె చెప్పిన కథ

నేను నీలిరంగు ప్లాస్టిక్ పెట్టెను. పశువుల ఆసుపత్రి రిజిస్టరులో వ్యాక్సిన్ క్యారియర్ అని రాసుకున్నారు గానీ ఊళ్ళో అందరికీ నేను ఐస్ పెట్టెనే. చుట్టూ ఐస్ ప్యాకులు, మధ్యలో కాస్త చోటు. ఆ చోటును 2 డిగ్రీలకూ 8 డిగ్రీలకూ మధ్య నిలబెట్టడమే నా పని. రోహిణి కార్తెలో రాజమండ్రి ఎండ తిన్నవాళ్ళకు ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

కాలవగట్ల వెంట మోటారు సైకిలు మీద, లంకల్లోకి పడవ మీద తిరిగాను. గొడ్లకు గాలికుంటు టీకా మోశాను, కోళ్ళకు కొక్కెర తెగులు టీకా మోశాను. అయినా నా మనసు మాత్రం ఊరి చివరి పందుల దొడ్ల దగ్గరే ఉంటుంది. ఆవులకూ గేదెలకూ టీకాలంటే ముందురోజే ఊళ్ళో చెప్పిస్తారు. ఎరుకల పేటలో పందులున్నాయన్న సంగతి మాత్రం అవి చావడం మొదలెట్టాకే గుర్తొస్తుంది. పిల్ల చదువుకైనా ఇంట్లో పెళ్ళికైనా పందిని అమ్ముకుని గడుపుకునే కుటుంబాలవి. దొడ్డి ఖాళీ అయితే వాళ్ళకు మిగిలేది అప్పే.

నేను పందుల కోసం మోసే సీసాల్లో ముఖ్యమైంది స్వైన్ ఫీవర్ టీకా. అందులో ఉండేది బలం తగ్గించిన వైరస్, ప్రాణంతో ఉంటుంది. ఆ ప్రాణం ఉన్నంతసేపే టీకాకు విలువ. మన దేశంలో 1964 నుంచి ఇంగ్లండు వేబ్రిడ్జ్ రకం వైరస్‌ను కుందేళ్ళలో పెంచి ఈ టీకా చేసేవారు. ఒక్కో కుందేలును చంపి దాని ప్లీహం తీస్తే 50 డోసులు వచ్చేవి. దేశానికి ఏడాదికి 2 కోట్ల 20 లక్షల డోసులు కావాల్సి ఉంటే, తయారయ్యేవి 12 లక్షలు. మిగతా పందుల గతి ఏమిటో ఊహించుకోండి. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి శ్రమించి, దేశవాళీ వైరస్‌ను ప్రయోగశాలలో కణాల్లో పెంచి కొత్త టీకా చేశారు. అది 2020 ఫిబ్రవరిలో విడుదలైంది. పాత టీకా డోసు 15 నుంచి 25 రూపాయలు పడితే, దీనికి 2 రూపాయలు కూడా కాదన్నారు. కుందేళ్ళ చావూ తప్పింది. ఇంత కష్టపడి చేసిన మందు ఆసుపత్రి ఫ్రిజ్ దాటాక ఎండకు పాడైపోతే ఆ శ్రమంతా ఏటిపాలే.

ఒక లంకలో జరిగింది చెబుతాను. ఆ రోజు పడవ బాగా ఆలస్యమైంది. రేవులో నా మూత ఎవరో తీసి సరిగా పెట్టలేదు, ఐసంతా కరిగిపోయింది. పశుసంవర్ధక సహాయకురాలు నా లోపల చెయ్యి పెట్టి చూసి, సీసాలు పక్కన పెట్టేసింది.

"ఆయ్, అంత దూరం నుంచి తెచ్చారు కదండీ డాక్టరమ్మగారూ, ఏసెయ్యండి," అన్నాడు దొడ్డి పెద్దాయన.

"ఇప్పుడది ఒట్టి నీళ్ళతో సమానం తాతా. వేయించామన్న ధైర్యంతో మీరు సంతలో కొన్న పందుల్ని తెచ్చి వీటితో కలిపేస్తారు. రేపు పొద్దున్నే మళ్ళీ తెస్తాను."

తెచ్చింది కూడా. టీకా పొడిని చల్లటి ద్రావకంతో కలిపి, ఎండ తగలకుండా నీడలో కూర్చుని, రెండు గంటల లోపే వేసేసింది. మిగిలింది దాచలేదు. సూదులు ఉడకబెట్టి చల్లార్చినవే వాడింది. సిరంజిలో స్పిరిట్ తడి ఉంటే లోపలి వైరస్ చచ్చిపోతుంది. జ్వరంతో ఉన్న పందిని వదిలేసింది. పాలు తాగే పిల్లల్నీ వదిలేసింది. తల్లి పాలతో వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు కాబట్టి వాటికి రెండో నెల దాకా ఆగాలి. అలా ఆగమని చెప్పే మనిషి దొరకడం టీకా దొరకడమంత అవసరం.

అదే దొడ్డి చూరులో సగం వాడిన సీసాలు కనిపించాయి. ఆక్సీటెట్రాసైక్లిన్, ఎన్‌రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు. పంది మేత ముట్టకపోతే మందుల షాపుకి పరుగెత్తి కొన్నవి. న్యుమోనియాకో, చీము పట్టిన పుండుకో డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అవి ప్రాణం నిలబెడతాయి. స్వైన్ ఫీవర్ వైరస్‌ను మాత్రం ఏమీ చేయలేవు. పంది లేచి నిలబడగానే సూది ఆపేసి, మిగిలింది ఇంకో పందికి దాస్తే, చావకుండా మిగిలిన బాక్టీరియా ఆ మందుకు మొండికేస్తుంది. అది పందిలోనే ఉండిపోదు. దొడ్డి ఊడ్చే చేతికీ, మాంసం కోసే చేతికీ అంటుకుంటుంది. మనుషుల ఆసుపత్రుల్లో చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను మాంసం, పాలు, గుడ్లిచ్చే జీవాలకు వాడకూడదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది అందుకే.

మాంసంలో మందు మిగిలిపోతే ఏమవుతుందో భీమవరం వైపు రొయ్యల రైతులకు బాగా తెలుసు. యాంటీబయాటిక్ అవశేషం దొరికితే విదేశాలు సరుకు వెనక్కి పంపేస్తాయి. ఆదివారం మన వీధిలో కోసే పందిమాంసాన్ని మాత్రం అలా పరీక్షించి తిప్పి పంపేవాళ్ళు లేరు. సూది వేశాక ఎన్ని రోజులు కోయకూడదో సీసా మీద ఉంటుంది. క్రిస్మస్ బేరం ముంచుకొచ్చినా ఆ రోజులు ఆగాల్సిందే. పందుల వాళ్ళనొక్కళ్ళనే తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. డాక్టరు దూరమై షాపు దగ్గరైనప్పుడు ఎవరైనా షాపుకే పోతారు.

నేను మోయలేని టీకా ఒకటుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వేరే జబ్బు 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడింది. దానికి మన దేశంలో వాడుకకు టీకా లేదు, మందూ లేదు. చెవులు కమిలిపోవడం, తీవ్రమైన జ్వరం, గుంపుగా ఒదిగి పడుకోవడం రెండు జ్వరాల్లోనూ ఒకటే. ఏదో తేల్చేది ప్రయోగశాలే. అది రాకుండా హోటళ్ళ నుంచీ పెళ్ళిళ్ళ నుంచీ తెచ్చే ఎంగిలి బాగా ఉడకబెట్టి పెట్టాలి. కొత్త పందుల్ని కొన్ని వారాలు విడిగా కట్టాలి. చచ్చిన పందిని కాలవలోకి విసరకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలి. వరుసగా రెండు చస్తే మూడోదాన్ని అమ్ముకునే తొందర మాని పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయాలి.

మొన్న అదే లంకకు వెళ్ళాం. పెద్దాయన కోడలు నోటు పుస్తకం తెచ్చింది. ఏ పందికి ఏ రోజు ఏ సూది పడిందో, సీసా మీది బ్యాచ్ నంబరుతో సహా రాసుకుంది.

"డిసెంబరులో రెండు ఈనతాయండి. ఆటి పిల్లలకి ఎప్పుడు తెత్తారండి?"

"ఫిబ్రవరిలో. ముందురోజు ఫోన్ చేస్తాను, అన్నిటినీ దొడ్లోనే ఉంచండి."

ఆమె ఫిబ్రవరి అని రాసుకుని, పక్కనే ఫోన్ నంబరు అడిగి వేసుకుంది.