ఎముక సందున తొంగి చూసే గొట్టాన్ని

నా పేరు థొరాకోస్కోపు. జానెడున్నర పొడవు, 10 మిల్లీమీటర్ల లావు ఉన్న ఉక్కు గొట్టాన్ని. నా కొస 30 డిగ్రీల వాలుగా ఉంటుంది కాబట్టి ఎదురుగానే కాదు, పక్కకీ చూడగలను.

మా వంశానికి మూలపురుషుడు స్వీడన్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ యాకోబేయస్. మూత్రాశయంలోకి చూసే గొట్టంతోనే ఆయన ఛాతీ లోపలా చూడొచ్చని 1910లో లోకానికి చెప్పాడు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడిచి విశ్రాంతి ఇచ్చేవారు. దాన్ని ముడుచుకోనివ్వకుండా ఛాతీ గోడకు అంటుకున్న పోగుల్ని కాల్చి తెంచడానికి మావాళ్లు దారి చూపేవారు. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక మూలన పడ్డాం. 1990ల్లో చిన్న వీడియో కెమెరా తోడయ్యాకే మళ్లీ మంచిరోజులొచ్చాయి.

మొన్న బీడీలు చుట్టే ఒకామె బల్ల మీదకొచ్చింది. ఛాతీలో కుడి పక్క, ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది. మత్తు డాక్టరు రెండు దారుల గొట్టం వేసి ఆ పక్క ఊపిరితిత్తికి గాలి ఆపాడు. డాక్టరమ్మ రెండు పక్కటెముకల నడుమ చిన్న గాటు పెట్టింది, కింది ఎముక పై అంచును ఆనుకుని. ఎముక కింది అంచున నరం, రక్తనాళాలు ఉంటాయి మరి. సిస్టరు నన్ను వేడి సెలైన్లో ముంచి అందించింది. చల్లగా వెళ్తే నా అద్దానికి ఆవిరి పట్టేస్తుంది.

లోపలంతా పసుపుపచ్చ తెరలు, బూజు పట్టిన అటకలా. ఒక్కో తెరా తీస్తూ, చీము పీల్చేస్తూ, ఊపిరితిత్తి మీది పొరను మీగడలా ఒలిచారు. నడుమ నా అద్దం మీద నెత్తురు చుక్క పడితే టీవీ అంతా ఎర్రబడింది. తుడిచి మళ్లీ పంపారు.

"ఇప్పుడు గాలివ్వండి సార్" అంది డాక్టరమ్మ. నల్లబడి ముడుచుకున్న ఊపిరితిత్తి అంచుల నుంచి గులాబీ రంగు తిరుగుతూ మెల్లగా ఉబ్బింది, వచ్చి ఛాతీ గోడను తాకింది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఆ మర్నాడు వచ్చినాయన మూడు నెలలు దగ్గు మందుతోనే నెట్టుకొచ్చాడట. పొర తోలులా గట్టిపడిపోయింది. నన్ను బయటికి తీసేసి, జానెడు కోసి, పక్కటెముకలు ఎడం చేయాల్సి వచ్చింది. నేను ట్రేలో పడి ఉన్నాను.

జ్వరం తగ్గకుండా, గాలి పీల్చినప్పుడల్లా ఒక పక్క పొడుస్తుంటే ఆలస్యం చేయకండి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. చీము పలచగా ఉన్నప్పుడే రండి.